ఉమ్మడి సంచి

లాట్స్ ఇప్పుడు లేదు. 2014 జనవరి 1న లాత్వియా యూరోలోకి మారింది. అప్పటి నుంచి ఆ దేశపు సొంత నాణెం కొట్ల గల్లాపెట్టెల్లోంచి, కోటు జేబుల్లోంచి, చర్చి హుండీల్లోంచి మెల్లగా తప్పుకుంది. ఇరవై లక్షల మంది ఉన్న చిన్న దేశం డబ్బు పోతే మిగతా లోకానికి తెలియను కూడా తెలియదు. నాకు తెలిసింది, ఎందుకంటే ఒక వేసవిలో ఆ నాణేలు మా నలుగురి మధ్య ఒకే సంచిలో తిరిగాయి. లాట్స్ నాణెం మీద నీళ్లలోంచి పైకెగిరే సాల్మన్ చేప ఉండేది, రెండు లాట్స్ మీద ఆవు, ఐదు లాట్స్ నోటు మీద ఓక్ చెట్టు, పది మీద దౌగవా నది, ఇరవై మీద పాతకాలపు పల్లెటూరి ఇల్లు. రాజు లేడు, సేనాపతి లేడు. వంద నోటు మీద మాత్రం ఒక మనిషి ఉండేవాడు, క్రిష్యానిస్ బారొన్స్. ఊళ్లలో ఆడవాళ్లు పాడుకునే నాలుగు పాదాల పాటల్ని చిన్న చిన్న చీటీల మీద రాయించి, అరలు అరలుగా సర్ది, అచ్చు వేయడానికే జీవితం ధారపోసిన ఆయన. వంద లాట్స్ నోటు పట్టుకునే స్థోమత మాకెక్కడిది, బ్యాంకు గోడకు వేలాడదీసిన బొమ్మలో చూశాం.

చిల్లర తీసుకున్నప్పుడు అరచేతిలో ఒక్కోసారి చేప బదులు కొంగ కనిపించేది, ఒక్కోసారి చీమ, పుట్టగొడుగు, గుడ్లగూబ. విలువ అదే, బొమ్మే వేరు. ఏడాదికి ఒకటో రెండో ఇలాంటివి వేసి మామూలు చిల్లరలోనే వదిలేవారు. మా సంచి మోసే గుంటూరు మిత్రుడు వాటిని వేరే కాగితంలో చుట్టి అడుగున దాచేవాడు, చేపల్ని ముందు ఖర్చుపెట్టేవాడు. చివరికి వచ్చేసరికి చేపలు అయిపోయి, రొట్టె కోసం కొంగనూ ఇచ్చేయాల్సి వచ్చింది. ఒక లాట్స్ అంటే యూరో నలభై సెంట్లకు పైనే కదా, విద్యార్థులకు చిన్న సొమ్ము కాదు.

అది 2008 వేసవి. నలుగురం జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నాం, తలా ఒక జిల్లా నుంచి వచ్చి ఒకే వంటింట్లో కలిసినవాళ్లం. లాత్వియా షెంగెన్‌లో చేరింది ముందు ఏడాది డిసెంబరు 21న. అంటే అంతకు ఒక్క ఏడాది ముందు మేం ఆ దేశం పోవాలంటే వేరే వీసా కావాలి, బ్యాంకు కాగితాలు కావాలి, ఎంబసీ కిటికీ ముందు నిలబడాలి. ఇప్పుడు జర్మనీ పర్మిట్ కాగితం చాలు. తోటి తెలుగువాళ్లంతా పారిస్‌కో, సినిమా పాటల్లో చూసిన స్విట్జర్లాండ్‌కో పోయి ఫొటోలు తెచ్చుకుంటే, మా కరీంనగర్ వాడు తన ల్యాబులో పనిచేసే లాత్వియా అమ్మాయి చెప్పిన కబుర్లు విని, ఎవరూ పోని చోటికి పోదామన్నాడు. వీపుకు సంచులు తగిలించుకుని చౌక విమానం ఎక్కేశాం.

ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యంగా ఉండేది ఊళ్ల గురించి కాదు, మా దగ్గర ఎన్ని వస్తువులు ఒక్కొక్కటే ఉండేవో దాని గురించి. ఒక గైడు పుస్తకం. మడతల దగ్గర చిరిగి టేపు వేసిన ఒక పటం. చిన్న మెమరీ కార్డున్న ఒక కెమెరా. ఎసరు పెట్టడానికి ఒక గిన్నె, ఒక కరెంటు ప్లగ్గు అడాప్టరు. ఒక సంచి. ఏదో పట్టుచీరల దుకాణం వాళ్లు పెళ్లికి చీరలు కొన్నప్పుడు ఇచ్చిన జిప్పు సంచి అది, వాళ్ల పేరు సగం చెరిగిపోయింది. అందులో నలుగురం సమానంగా డబ్బు వేశాం, అయిపోతే మళ్లీ వేశాం. ఒక గీతల నోటుపుస్తకంలో లెక్క రాసేవాళ్లం. గొడవలు కూడా అందులోనే పుట్టేవి. మాలో ఒకడు శాకాహారి. పొగబెట్టిన చేపకు తన వంతు ఎందుకని వాడి ప్రశ్న. తాగనివాడు బీరుకు ఎందుకు ఇవ్వాలని ఇంకొకడి ప్రశ్న. రెండోరోజు రాత్రి హాస్టలు మెట్ల మీద కూర్చుని, బీరు, చేప సంచి బయట, రొట్టె, బంగాళాదుంప, టికెట్లు, మంచం సంచి లోపల అని తీర్మానం చేసుకున్నాం. మాటలు కాస్త పెరిగాయి కూడా. కానీ తీర్మానం కాకుండా పడుకోవడానికి వీల్లేదు, తెల్లారితే టికెట్టు కొనాల్సింది ఒకే సంచిలోంచి.

పటమూ అంతే. నాలుగు రోడ్ల కూడలిలో ఎవరికి వాళ్లు ఫోను చూసుకునే కాలం కాదు కనుక నలుగురు తలలూ ఆ కాగితం మీదికి వంగేవి. గాలికి ఎగరకుండా నాలుగు మూలలు నలుగురు పట్టుకోవాలి. వేలితో దారి గీసేవాడు ఒకడు, వాడి మాట నమ్మనివాడు ఒకడు, పటం వదిలేసి వీధిలో పోయే ముసలాయన్ని అడిగేవాడు ఇంకొకడు. ముసలాయనకు రష్యన్ వచ్చు, కుర్రాళ్లకు ఇంగ్లిషు వచ్చు, మాకు రష్యన్ రాదు. అందుకని పెద్దవాళ్లతో చేతులే మాట్లాడేవి. రాత్రిపూట ఒకడు గైడు పుస్తకం పైకి చదివేవాడు, మిగతా ముగ్గురం మంచాల మీద పడుకుని వినేవాళ్లం. రేపటి ఊరు ఆ గొంతులోంచి ముందే తెలిసేది.

రాజధాని రీగాలో ట్రాములు అప్పటికింకా పాతవే, చెకోస్లొవేకియా నుంచి వచ్చిన టాట్రాలు. నెత్తిన సన్నటి పొడవాటి కడ్డీ ఉండేది, అది తీగను పట్టుకుని పోయేది. మలుపు దగ్గర ఎప్పుడైనా కడ్డీ తీగ మీంచి జారితే బండి నిట్టూర్చి ఆగిపోయేది, డ్రైవరు దిగి తాడు లాగి మళ్లీ తగిలించేది. లోపల కండక్టరమ్మ ఉండేది, మెడలో సంచి, వేళ్లకు నాణేల నలుపు. నిలబడ్డవాళ్ల మధ్యలోంచి ఇటు నుంచి అటు పోతూ, ఎవరు ఎక్కారో, ఎవరు ఇంకా కొనలేదో ముఖం చూసి గుర్తుపెట్టుకునేది. పల్చటి టికెట్టు చింపి ఇచ్చేటప్పుడు మా సంచిలోని సాంటీముల చిల్లరను తనే ఏరుకునేది, ఎక్కువ తీసుకోకుండా. ఆ మరుసటి ఏడాది, 2009లో, ఎలక్ట్రానిక్ కార్డులు వచ్చాయి, కండక్టర్లు పోయారు. సరిగ్గా ఆ ఏడాదే లాత్వియా ఆర్థికంగా కుప్పకూలింది. 2008 చివరలోనే ఒక పెద్ద బ్యాంకు దివాలా అంచుకు పోయి ప్రభుత్వం చేతికి వచ్చింది, ఆ తర్వాత జీతాలు కోసేశారు, బడులు, ఆసుపత్రులు మూసేశారు. ఆ వయసులో ఉద్యోగం పోయిన కండక్టరమ్మకు ఇంకో పని దొరికిందో లేదో. ఆమె నాకు జ్ఞాపకం, కానీ రోజంతా ఊగే బండిలో నిలబడటం ఆమెకు కాళ్ల నొప్పి. ఈ రెండూ కలిపే గుర్తుపెట్టుకోవాలని నాకు నేనే చెప్పుకుంటూ ఉంటాను.

రీగా సెంట్రల్ మార్కెట్ 1930లో తెరిచారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తమ గాలి ఓడలైన జెప్పెలిన్‌ల కోసం కట్టిన షెడ్ల కమానుల్ని తెచ్చి అయిదు పెద్ద మంటపాలుగా నిలబెట్టారు. అంతెత్తు కప్పు కింద ఒక మంటపంలో చేపలు, ఒకదానిలో మాంసం, ఒకదానిలో పాలు, జున్ను, మీగడ. లోపలికి అడుగు పెడితే ముందు ముక్కుకు తగిలేది పులిసిన క్యాబేజీ వాసన, ఆ వెనక పొగబెట్టిన చేప, సోయాకూర, నల్లటి రై రొట్టె. రొట్టెను కిలోల లెక్కన కోసి ఇచ్చేవాళ్లు. బరువుగా, తడిగా, కాస్త పుల్లగా, కాస్త తీయగా ఉండే ఆ రొట్టె ఒక ముక్క తింటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తుకు రాదు. శాకాహారి మిత్రుడు దాని మీదే బతికాడు, దానికి తోడు మీగడ వేసిన బంగాళాదుంప అట్లు, బీట్‌రూట్, దోసకాయ, మజ్జిగలాంటి కెఫీర్ కలిపిన గులాబీ రంగు చల్లటి సూపు. బయట పీపాలోంచి గ్లాసుల్లోకి పట్టి అమ్మే క్వాస్ తాగినప్పుడు మాత్రం నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. రొట్టె పులియబెట్టి తీసిన ఆ నీళ్లు మా అమ్మమ్మ కుండలో పోసిన తరవాణి ఎలా ఉండేదో అలాగే ఉన్నాయి. మా ఇళ్లల్లో తరవాణి కుండ ఎప్పుడో పోయింది, దాని గురించి ఆ క్షణం దాకా ఎవరం తలచుకోలేదు.

అన్నీ బాగుండేవని చెప్పను. సాయంత్రం స్టేషను దగ్గర గుంపుగా నిలబడ్డ కుర్రాళ్లు మా వైపు చూసిన చూపుల్లో మంచితనం లేదు. ఒకడు ఏదో అరిచాడు, అర్థం కాకపోయినా అర్థమైంది. ఆ రాత్రి నుంచి చీకటి పడ్డాక నలుగురం కలిసే తిరిగాం. ఇంటికి ఫోను చేయాలంటే గీకే కార్డు కొని, అంత పొడవు నంబర్లు నొక్కి, అమ్మ గొంతు వినిపించేసరికి సగం నిమిషాలు అయిపోయేవి. బాగున్నావా, తిన్నావా అనే రెండు మాటలకు కూడా అవతలి గొంతు ఆలస్యంగా వచ్చేది. ఇప్పుడు రీగాలో చదువుకునే మనవాళ్లు బస్టాపులో నిలబడి వీడియోలో వాళ్లమ్మకు మంచు చూపిస్తున్నారు. గీకే కార్డు పోయినందుకు నాకు ఏ బాధా లేదు.

అప్పటి రైళ్లు సోవియట్ కాలం నాటివి, రీగాలోనే తయారైనవి. ఒకప్పుడు సోవియట్ యూనియన్ అంతటా తిరిగిన లోకల్ రైళ్లకు పుట్టిల్లు రీగా వ్యాగన్ కర్మాగారం. ప్లాట్‌ఫాం దాదాపు నేలమట్టంగా ఉండేది, మెట్టు మోకాలి ఎత్తున ఉండేది. అడవిలో ఏరిన పళ్ల బకెట్లతో ముసలమ్మలు వచ్చి తలుపు దగ్గర నిలబడేవాళ్లు. ముందు బకెట్టు పైకి అందించడం, తర్వాత చెయ్యి అందించడం, పైనున్నవాడు ఎవడైతే వాడు లాగడం. ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఎవరూ థాంక్స్ ప్రత్యేకంగా చెప్పేవాళ్లు కాదు. 2023 డిసెంబరు నుంచి ఎలక్ట్రిక్ మార్గాల్లో కొత్త స్కోడా రైళ్లు తిరుగుతున్నాయి, ఎక్కడానికి సులువు, చక్రాల కుర్చీ అయినా లోపలికి పోతుంది. ఆ ముసలమ్మలకు అవి అప్పుడే ఉండాల్సింది. మాకు ఆ ఎత్తు మెట్టు ప్రయాణం, వాళ్లకు అది ప్రతిరోజూ నొప్పే మోకాలు.

కుల్డీగాకు పోయింది బస్సులో. పశ్చిమాన చిన్న ఊరు, ఎర్రపెంకుల కప్పులు, ఇళ్ల గోడల్ని ఒరుసుకుంటూ పారే సన్నటి ఏరు. ఊరి చివర వెంటా నది మీద 1874 నాటి ఇటుక వంతెన, దాని పక్కనే ఐరోపాలో అన్నిటికన్నా వెడల్పైన జలపాతం. వెడల్పు 249 మీటర్లు, ఎత్తు మాత్రం నిలువెత్తు మనిషి కన్నా కాస్త ఎక్కువ. వసంతంలో చేపలు ఆ గట్టు దాటడానికి గాలిలోకి ఎగురుతాయట. పదిహేడో శతాబ్దంలో డ్యూక్ యాకబ్ కాలాన, ఎగిరే చేపల్ని గాలిలోనే బుట్టల్లో పట్టేవారని చెప్తారు. మేం పోయేసరికి నీళ్లు తగ్గాయి. ఊరి పిల్లలు గట్టు మీదే నడిచి అవతలికి పోతున్నారు. మేమూ బూట్లు మెడలో వేసుకుని, కెమెరానీ సంచినీ ఒడ్డున శాకాహారి దగ్గర పెడదామనుకున్నాం గానీ వాడూ వస్తానన్నాడు. దాంతో జిప్పు సంచి గుంటూరు వాడి నెత్తికి తువ్వాలుతో కట్టాం. నాచు పట్టిన డోలమైట్ రాయి, మడమల మీదుగా చల్లగా తోసుకుపోయే నీళ్లు, ఒకడు కాలు జారితే గొలుసంతా ఊగేది. చేతులు పట్టుకుని వరసగా అవతలి ఒడ్డు చేరేసరికి పాదాలు మొద్దుబారాయి. ఆ నడక ఫొటో మా దగ్గర లేదు. కెమెరా కూడా ఆ మూటలోనే ఉంది మరి.

మేం దిగింది రిటైరైన ఒక టీచరమ్మ ఇంట్లో. ఆమెకు జర్మన్ వచ్చు, అందుకే ఆ దేశంలో మేం నిజంగా మాట్లాడగలిగిన పెద్దావిడ ఆమె ఒక్కతే. గదిలో గోడంత పెంకుల పొయ్యి, పెరట్లో గొడ్డలితో చీల్చి పేర్చిన బిర్చ్ కట్టెలు, నేలమాళిగలో వరసగా సీసాలు, ఊరవేసిన దోసకాయలు, నల్ల ఎండుద్రాక్షలాంటి పళ్ల జాము, ఎండబెట్టిన లిండెన్ పూల టీ. మేమున్నప్పుడే జూన్ 23 రాత్రి, వాళ్లకు ఏడాదిలో పెద్ద పండుగ. సోవియట్ కాలంలో కొన్నేళ్లు దాన్ని జరపనివ్వలేదు, అయినా జనం జరుపుకున్నారు. పదిన్నర దాకా పొద్దుగుంకలేదు. మా తలల మీద ఓక్ ఆకుల దండలు పెట్టి, షాజీరాలాంటి గింజలు వేసిన జున్ను కోసి ఇచ్చింది. మంట చుట్టూ వీధివాళ్లంతా పాడుతున్నారు, ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకుంటున్నారు. అందులో యాభై దాటినవాళ్లే ఎక్కువని నాకు అర్ధరాత్రి దాటాక గానీ తట్టలేదు. ఆమె కొడుకు ఐర్లండులో పుట్టగొడుగుల ఫారంలో పనిచేస్తున్నాడు. ఇక్కడి నెల జీతం అక్కడ వారంలో వస్తుందని చెప్పి, మీ అమ్మానాన్నలు ఎక్కడున్నారని మమ్మల్ని అడిగింది. నలుగురి జవాబూ ఒకటే, ఊళ్లో ఉన్నారు, ఇద్దరే ఉన్నారు. ఆమె తలూపి ఇంకో ముక్క జున్ను కోసింది.

2000 జనాభా లెక్కల్లో లాత్వియాలో 23 లక్షల 77 వేల మంది, 2011లో 20 లక్షల 70 వేలు. పదకొండేళ్లలో మూడు లక్షల మంది తగ్గారు. పుట్టేవాళ్లు తక్కువైనందుకు కొంత, ఐర్లండుకూ ఇంగ్లండుకూ పోయినందుకు ఎంతో. మేం చూడటానికి పోయిన దేశం అదే వేసవిలో తన పిల్లల్ని విమానం ఎక్కిస్తోంది. తాళం వేసిన ఇళ్లు, పిల్లలు చాలక మూసేసిన బడి, మనిషి లేని బస్టాపు మేం చూశాం, వాటిని ప్రశాంతత అని నోటుపుస్తకంలో రాసుకున్నాం. నా సొంత ఊళ్లో డాలర్లతో కట్టిన రెండంతస్తుల ఇళ్లకు తాళాలు చూసేటప్పుడు ప్రశాంతత అనే మాట నాకు ఎన్నడూ రాలేదు.

చివరగా వల్కా చూశాం, ఎస్తోనియా సరిహద్దు. ఒకప్పుడు ఒకే ఊరు. 1920లో స్టీఫెన్ టాలెంట్స్ అనే బ్రిటిష్ కల్నల్ మధ్యవర్తిగా గీత గీస్తే, ఊరిలో ఎక్కువ భాగం వల్గాగా అటు పోయింది, మిగతాది వల్కాగా ఇటు మిగిలింది. సోవియట్ కాలంలో ఆ గీత ఎవరికీ పట్టలేదు, 1991 తర్వాత కంచె అయింది, కాపలా అయింది, పక్క వీధిలోని చుట్టాన్ని చూడటానికి పాస్‌పోర్టు అయింది. మేం పోయేసరికి కంచె తీసేసి ఆరు నెలలు. సరిహద్దు గది ఇంకా ఉంది, అద్దాల మీద దుమ్ము, లోపల ఖాళీ కుర్చీ, ఎత్తి వదిలేసిన అడ్డకర్ర. సైకిలు మీద ఒక అమ్మాయి వెనక సీట్లో రొట్టె పెట్టుకుని ఎస్తోనియాలోంచి లాత్వియాలోకి కాలు కింద పెట్టకుండా పోయింది. వీసా కిటికీల ముందు నిలబడి నిలబడి వచ్చినవాళ్లం కనుక ఆ ఖాళీ కుర్చీ విలువ మాకు తెలుసు. పోయిన వాటిలో కొన్ని పోవాల్సినవే, ఆ కుర్చీ వాటిలో మొదటిది.

లాట్స్ పోయిన అదే 2014 జనవరిలో, 18వ తేదీన, రీగాలో పాత గ్రంథాలయం నుంచి నది అవతల కట్టిన కొత్త జాతీయ గ్రంథాలయానికి వేలమంది గడ్డకట్టే చలిలో వరసగా నిలబడి పుస్తకాల్ని చేతి నుంచి చేతికి అందించారు. లారీలో అయితే పూటలో అయిపోయే పని. మిగతావి లారీల్లోనే వెళ్లాయి కూడా. 1989 ఆగస్టు 23న టాలిన్ నుంచి విల్నియస్ దాకా ఆరు వందల కిలోమీటర్లకు పైగా చేతులు పట్టుకుని నిలబడ్డ జనం వాళ్లు. కలిసి చేయాల్సిన అవసరం లేని పనిని కూడా అప్పుడప్పుడు కలిసి చేయాలని, లేకపోతే చేతులు ఆ అలవాటు మరిచిపోతాయని, వాళ్లకు తెలిసినంతగా నాకు తెలియదు.

ఆ పుస్తకాల వరసను నేను ఫోనులోనే చూశాను. అప్పటికి ఒకడు డాలస్‌లో, ఒకడు మ్యూనిక్‌లో, శాకాహారి విశాఖలో, నేను హైదరాబాద్‌లో ఉన్నాం. తర్వాత మేం కలిసి పోయిన చోట్లు లేకపోలేదు. ఎవరి ఫోనులో వాళ్లకు పటం, ఎవరి కార్డు మీద వాళ్ల ఖర్చు, తలా వందల ఫొటోలు. లెక్క యాప్ చూసుకుంటుంది, సెంటు తేడా రాదు, మాటా పెరగదు. కూడలిలో ఇద్దరు ఎడమకు పోదామంటే ఇద్దరు కుడికి పోయి రాత్రి హోటల్లో కలుసుకోవచ్చు. ఎవరికీ ఎవరితోనూ సర్దుకోవాల్సిన పని లేదు, అందువల్ల ఎవరం ఎవరికీ పెద్దగా అవసరం పడలేదు. మారినదంతా మేలే, ఒక్కొక్కటి తీసి చూస్తే వెనక్కి ఇమ్మని అడగదగ్గది ఏదీ లేదు. ఒక్కటే ఉన్నందువల్ల నలుగురం మాట్లాడుకుని తీరాల్సి రావడమన్నది మాత్రం ఏ వస్తువులోనూ లేదు. అందుకే వస్తువులు మారినప్పుడు అది పోయిందని ఎవరూ గమనించలేదు.

లాట్స్ నాణేలు ఇప్పుడు పట్టుకెళ్లినా లాత్వియా కేంద్ర బ్యాంకు యూరోలుగా మార్చి ఇస్తుంది, దానికి గడువు పెట్టలేదు. స్నేహానికి అలాంటి ఏర్పాటు లేదు, ఎప్పటికప్పుడు వాడాల్సిందే. అందుకని ఈసారి కలిసినప్పుడు యాప్‌లో లెక్క వద్దని, డబ్బంతా ఒక సంచిలో వేసి గుంటూరు వాడి చేతికే ఇద్దామని ముగ్గురికీ రాశాను. బీరు సంచిలోపలా బయటా అని మ్యూనిక్ నుంచి అప్పుడే జవాబు వచ్చింది. ఆ తగువు ఈసారి కూడా నలుగురం కూర్చునే తేల్చుకోవాలి.